ముక్క పడని వేళ: పోకర్ ఆటలో నిరీక్షణ చరిత్ర

వ్యాస సంగ్రహం:
పేకాటలో వరుసగా చెడ్డ ముక్కలు పడుతున్నప్పుడు ఓపిక పట్టడాన్ని ఆటగాడి స్వభావగుణంగా చెప్పడం పరిపాటి. పోకర్ చరిత్రను పరిశీలిస్తే ఆ ఓపిక ఆట నియమాల నుంచి పుట్టిందనీ, నియమాలు మారిన ప్రతిసారీ దాని అర్థమూ, దానికి చెల్లించవలసిన ధరా మారుతూ వచ్చాయనీ తెలుస్తుంది. 19వ శతాబ్ది తొలి భాగంలోని ఇరవై ముక్కల ఆట మొదలుకొని నేటి హోల్డెమ్ వరకు ఈ మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మంచి ముక్కలకు 'వంతు వచ్చింది' అన్న నమ్మకంతో కాచుకోవడానికీ, చేతిలోని ముక్కలు పందేనికి తగవన్న నిర్ణయంతో ఆగడానికీ ఉన్న భేదాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: పోకర్, పేకాట, సంభావ్యత, నిరీక్షణ, బ్లైండ్, రమ్మీ, జూద చట్టాలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట పేకాట గురించి మాట్లాడేవారు 'ముక్క పడలేదు' అంటారు. ఈ మాటలో కర్త ఆటగాడు కాదు, ముక్క. పడడం, పడకపోవడం దాని ఇష్టం. కాచుకోవడమే మనిషి వంతు. పోకర్ బల్ల దగ్గర గంటల తరబడి కూర్చున్నవారు ప్రపంచంలో ఎక్కడైనా ఇదే ధోరణిలో మాట్లాడతారు. ఈ ఆటపై వెలువడిన శిక్షణ గ్రంథాల్లోనూ ఓపిక అనే మాట విరివిగా కనిపిస్తుంది. అయితే ఆ ఓపిక ఎప్పటి నుంచి అవసరమైంది, ఎవరికి అవసరమైంది, ఎంత ఖరీదుకు అన్న ప్రశ్నలను చరిత్ర దృష్టితో వేసినవారు తక్కువ. జూదాన్ని సమర్థించడం కానీ ఖండించడం కానీ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక మానసిక స్థితిగా భావించేదానికి సంస్థాగతమైన చరిత్ర ఉందని చూపడమే దీని పరిధి.

2. ఇరవై ముక్కల కాలం:

పోకర్ అమెరికాలో మిసిసిపీ నదీ ప్రాంతంలో, న్యూ ఆర్లియన్స్ పరిసరాల్లో రూపుదిద్దుకుంది. ఇంగ్లీషు నటుడు జోసెఫ్ కొవెల్ తాను 1829లో ఒక ఆవిరి పడవ మీద చూసిన ఆటను 1844లో ప్రచురించిన తన జ్ఞాపకాల్లో వర్ణించాడు. స్వయంగా జూదరిగా బతికి, తర్వాత జూద వ్యతిరేక ప్రచారకుడిగా మారిన జొనాథన్ గ్రీన్ 1843లో వెలువరించిన గ్రంథం ఈ విషయంలో మరొక ముఖ్య ఆధారం. అప్పటి ఆటలో ఆసు, రాజు, రాణి, జాకీ, పది మాత్రమే ఉండేవి. మొత్తం ఇరవై ముక్కలు. నలుగురు కూర్చుంటే తలా ఐదు ముక్కలతో పేక అంతా పంపకమైపోయేది. ముక్కలు మార్చుకునే అవకాశం లేదు.

ఇక్కడ చిన్న లెక్క అవసరం. ఇరవై ముక్కల నుంచి ఐదేసి ముక్కల చేతులు 15,504 ఏర్పడతాయి. వాటిలో ఒక్క జత కూడా లేనివి 1,024 మాత్రమే, అంటే నూటికి ఏడు కూడా కాదు. యాభై రెండు ముక్కల పేకలోనైతే ఏ విలువా లేని చేతులు నూటికి యాభై. నాలుగు ఒకే రకం ముక్కలు పడడం పాత ఆటలో సుమారు 194 పంపకాలకు ఒకసారి; కొత్త ఆటలో 4,165 పంపకాలకు ఒకసారి.

చేతిని చూడగానే 'ఏమీ లేదు' అనిపించే అనుభవం పాత ఆటలో అరుదు. ప్రతి ఒక్కరి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది కనుక ప్రతి ఒక్కరూ పందెం కాస్తారు. దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చు: చేతి విలువ సాపేక్షం కదా, నలుగురిలో ఎవరో ఒకరి ముక్కలు అందరికన్నా తక్కువవే కదా అని. నిజమే. కానీ పదుల జత ఆ ఆటలో బలహీనమని తెలియాలంటే కొంత లెక్క కావాలి. కంటికి మాత్రం అది జతగానే కనిపిస్తుంది. ఆవిరి పడవల మీద మోసగాళ్లు బాగుపడడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. అమాయకుణ్ణి పందెంలోకి దింపడానికి వాళ్లు పెద్దగా శ్రమపడనక్కరలేదు, పేకే ఆ పని చేసిపెట్టేది.

3. చెడ్డ ముక్కల పుట్టుక:

1840ల నాటికి యాభై రెండు ముక్కల పేక వాడుకలోకి వచ్చింది. ఎక్కువ మంది కూర్చోవడానికీ, ఒకే రంగు ముక్కల చేతిని లెక్కలోకి తేవడానికీ, కొన్ని ముక్కలు వదిలి కొత్తవి తీసుకునే 'డ్రా' పద్ధతికీ ఇది వీలు కల్పించింది. అదనంగా వచ్చిన ముప్పై రెండు ముక్కలతో పాటే సగం సార్లు చేతిలో ఏమీ లేకుండా కూర్చోవలసిన స్థితీ వచ్చింది. నేడు మనం చెప్పుకునే నిరీక్షణకు ఇది మొదటి షరతు.

రెండో షరతు ధర. డ్రా ఆట తొలి రూపంలో పంచేవాడికి ఎడమవైపు కూర్చున్న ఒక్కడే ముక్కలు చూడకముందు పందెం పెట్టేవాడు. తక్కిన వాళ్లు తమ ముక్కలు చూసి, నచ్చకపోతే ఒక్క కాసు ఖర్చు లేకుండా పడేయవచ్చు. ఐదుగురు ఆడితే ఐదు పంపకాలకు ఒకసారి మాత్రమే కాచుకునే సుంకం పడుతుందన్నమాట. బ్రిటన్‌లో అమెరికా రాయబారిగా ఉన్న రాబర్ట్ షెంక్ ఒక ఆతిథ్యం ఇచ్చిన గృహిణి కోరికపై రాసిచ్చిన నియమాలు 1872లో ప్రైవేటుగా అచ్చయ్యాయి. వాటిలో కనిపించేది ఈ పాత ఆటే.

1870లలో 'జాక్‌పాట్' నియమం వ్యాపించింది. దీని ప్రకారం బల్ల దగ్గరున్న ప్రతివాడూ ముందుగా ఆరంభ పందెం పెట్టాలి. జాకీల జత కానీ అంతకు మించినది కానీ ఉన్నవాడే పందెం తెరవాలి. ఎవరికీ లేకపోతే ఆ సొమ్ము అలాగే ఉండి మళ్లీ ముక్కలు పంచుతారు, అందరూ మళ్లీ చెల్లిస్తారు. ఐదు ముక్కల్లో ఈ అర్హత దొరికే అవకాశం నూటికి ఇరవై చిల్లర. ఐదుగురి ఆటలో సుమారు మూడింట ఒక వంతు సార్లు ఎవరూ తెరవలేరు. నియమమే ఓపికను నిర్బంధంగా అమలు చేస్తోంది. అదే నియమం ప్రతి పంపకానికీ దాని ధరను అందరి దగ్గరా వసూలు చేస్తోంది. న్యూయార్క్‌లో బీమా గణకుడూ న్యాయవాదీ అయిన జాన్ బ్లాక్‌బ్రిడ్జ్ 1875లో రాసిన పోకర్ గ్రంథంలో ఈ నియమాన్ని తీవ్రంగా నిరసించాడు. ఇది అందరూ విధిగా టికెట్టు కొనవలసిన లాటరీ వంటిదని అతని వాదం. ఇతరులు దీన్ని కేవలం సంప్రదాయవాదంగా చూడవచ్చు గానీ, ఆగడం ఉచితంగా ఉన్న ఆటకూ ఆగడానికి డబ్బు కట్టవలసిన ఆటకూ మధ్య గీతను స్పష్టంగా చూసినవాడు అతడని నాకు అనిపిస్తుంది. మనుషుల ఆయుర్దాయానికి ధర కట్టే వృత్తి చేసినవాడికి నిరీక్షణకు ధర ఉంటుందని తెలియడంలో వింత లేదు.

ఇదే సంగతి కాలిఫోర్నియాలోని గార్డెనా పట్టణంలో మరో రూపంలో కనిపిస్తుంది. అక్కడి చట్టం స్టడ్ పోకర్‌ను నిషేధించి డ్రా పోకర్‌ను విడిచిపెట్టడంతో 1936 నుంచి బహిరంగంగా పేకాట క్లబ్బులు నడిచాయి. అవి గెలిచిన సొమ్ములో వాటా తీసుకోలేదు. కుర్చీకి అరగంట చొప్పున అద్దె వసూలు చేశాయి. గెలుపులో వాటా తీసుకునే చోట ముక్కలు పడేసి కూర్చున్నవాడు యాజమాన్యానికి ఏమీ చెల్లించడు. కుర్చీ అద్దె ఉన్న చోట ఆడినవాడూ ఆగినవాడూ సమానంగా చెల్లిస్తారు. మానవశాస్త్రవేత్త డేవిడ్ హయానో 1982లో ప్రచురించిన 'పోకర్ ఫేసెస్' ఈ క్లబ్బుల్లోని వృత్తి ఆటగాళ్లను దగ్గరగా పరిశీలించిన రచన. పోకర్‌ను గణితంగానో నేరంగానో కాక పనిగా చూసిన గ్రంథాల్లో అది ముఖ్యమైనది.

4. యార్డ్లీ బోధ, బ్రన్సన్ ప్రతివాదం:

నిరీక్షణను ఒక సిద్ధాంతంగా జనసామాన్యంలోకి తెచ్చిన పుస్తకం 1957లో వచ్చిన హెర్బర్ట్ యార్డ్లీ రచన 'ది ఎడ్యుకేషన్ ఆఫ్ ఎ పోకర్ ప్లేయర్'. యార్డ్లీ సామాన్యుడు కాడు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం అమెరికా గూఢలిపి భేదన విభాగానికి అధిపతిగా పనిచేసి, 1921–22 వాషింగ్టన్ నౌకాదళ సమావేశ కాలంలో జపాన్ రహస్య సందేశాలను చదివినవాడు. ఇండియానా రాష్ట్రంలోని తన స్వగ్రామంలో, ఒక సారాయి దుకాణంలో నేర్చుకున్న పాఠాలతో పుస్తకం మొదలవుతుంది. అతని బోధ సారాంశం కఠినమైనది: మొదటి ముక్కలు ఆశ కల్పించకపోతే తప్పుకోవాలి, రాత్రంతా అదే పరిస్థితి అయితే రాత్రంతా తప్పుకోవాలి. ఏ చేతిని ఉంచుకోవచ్చో, ఏది పడేయాలో పట్టికలుగా ఇచ్చాడు. కథలు రసవత్తరంగా ఉండడం వల్ల ఈ బోధలోని నీరసం పాఠకుడికి తెలియదు. కథల్లో ప్రతి పేజీకీ ఏదో జరుగుతుంది. బోధను పాటించినవాడికి మాత్రం గంటల తరబడి ఏమీ జరగదు.

యార్డ్లీ రాసినది డ్రా, స్టడ్ ఆటల గురించి. ఆ కాలానికే టెక్సాస్‌లో మరో ఆట పెరుగుతోంది. చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. ఇది రాబ్స్‌టౌన్‌లో పుట్టిందని 2007లో టెక్సాస్ శాసనసభ ఒక తీర్మానంలో పేర్కొంది. 1963లో ఇది లాస్ వేగస్ చేరింది. 1970లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ క్యాసినోలో 'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్' ప్రారంభించాడు. హోల్డెమ్‌లో ఆరంభ పందెం అందరూ పెట్టరు. ఎడమవైపు ఇద్దరు చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్ పెడతారు, ఆ బాధ్యత బల్ల చుట్టూ తిరుగుతుంది. తొమ్మిది మంది బల్ల మీద ఒక చుట్టు పూర్తయ్యేసరికి ప్రతివాడూ ఒకటిన్నర పెద్ద బ్లైండ్లు చెల్లిస్తాడు. ముఖాముఖి ఆటలో గంటకు సుమారు ముప్పై పంపకాలు జరుగుతాయి కనుక, ఒక్క చేయి కూడా ఆడకుండా గంటసేపు కూర్చున్నవాడికి అయ్యే ఖర్చు ఐదు పెద్ద బ్లైండ్లు. వంద బ్లైండ్ల సొమ్ముతో కూర్చున్నవాడికి అది ఇరవయ్యో వంతు.

1976, 1977లలో వరుసగా ఆ పోటీ గెలిచిన డాయిల్ బ్రన్సన్ 1970ల చివర వెలువరించిన 'సూపర్ సిస్టమ్' యార్డ్లీ బోధకు ప్రతివాదమని చెప్పవచ్చు. మంచి ముక్కల కోసమే కాచుకునేవాణ్ణి ఎదుటివాళ్లు సులభంగా చదివేస్తారు; వాడు పందెం కాసిన రోజున అందరూ తప్పుకుంటారు; కనుక దూకుడుగా ఆడి, కాచుకునేవాళ్ల బ్లైండ్లను గెలుచుకోవాలి అని అతని మార్గం. ఇతరుల ఓపికే ఇతని ఆదాయమన్నమాట.

పోటీల్లో పరిస్థితి మరింత జటిలం. అక్కడ బ్లైండ్లు నిర్ణీత వ్యవధికి పెరుగుతాయి. నిన్న చవకగా ఉన్న ఓపిక నేడు దివాలా తీయించవచ్చు. 1995 విజేత డాన్ హారింగ్టన్ 2004 నుంచి వెలువడిన తన గ్రంథాల్లో దీనికి ఒక కొలమానం ఇచ్చాడు. ఆటగాడి దగ్గరున్న సొమ్మును ఒక చుట్టుకు అయ్యే ఖర్చుతో భాగిస్తే ఇంకా ఎన్ని చుట్లు కాచుకోగలడో తెలుస్తుంది. బ్యాక్‌గామన్ ఆటలో నిపుణుడైన పాల్ మాగ్రియెల్ పేరు మీద దాన్ని 'ఎం' అంటారు. ఆ సంఖ్య తగ్గేకొద్దీ ఆడదగిన ముక్కల స్థాయిని దించుకోవాలి. నిదానానికి పేరుబడిన హారింగ్టన్ 2003లో 839 మందిలో మూడో స్థానంలో, 2004లో 2,576 మందిలో నాలుగో స్థానంలో నిలిచాడు. ఈ ఫలితాలను కేవలం సహనం అనడం సరికాదు. ఎప్పటి వరకు ఆగాలో, ఎక్కడ ఆగడం మానాలో ముందే లెక్కగట్టుకున్నవాడి ఆట అది. 1982లో జాక్ స్ట్రాస్ అంతా పోయిందనుకున్నాక ఒకే ఒక్క చిప్పు మిగిలి ఉండడం గమనించి, దానితోనే మళ్లీ మొదలుపెట్టి పోటీ గెలిచాడన్న కథనం పోకర్ లోకంలో పురాణంలా నిలిచిపోయింది. కానీ ఒక్క చిప్పు మిగిలినవాడు మంచి ముక్కల కోసం ఎన్నాళ్లో కాచుకోలేడు. కథ చెప్పేవారు ఈ అంశాన్ని పట్టించుకోరు.

5. ఒకేలా కనిపించే రెండు ఓపికలు:

ఇరవై చేతులు వరుసగా పడేసిన ఇద్దరిని ఊహిద్దాం. మొదటివాడు 'ఇన్నిసార్లు పడలేదు కనుక ఇక పడక తప్పదు' అనుకుంటున్నాడు. రెండోవాడు ప్రతి చేతినీ విడిగా చూసి, ఇది పందేనికి తగదని నిర్ణయిస్తున్నాడు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒక్కటే, ఇద్దరూ ఓపికమంతులే. ఇరవై ఒకటో చేతిలో తేడా బయటపడుతుంది. రాణి, తొమ్మిది పడితే మొదటివాడికి అది తన వంతుగా కనిపిస్తుంది. రెండోవాడికి రాణి, తొమ్మిదిగానే కనిపిస్తుంది.

మొదటివాడి పొరపాటు పాతదే. 1814లో లాప్లాస్ సంభావ్యత మీద రాసిన తాత్త్విక వ్యాసంలో, చాలాకాలం రాని సంఖ్యలపై ఎగబడి పందెం కాసే ఫ్రెంచి లాటరీ జనాన్ని ప్రస్తావించాడు. 1971లో ట్వెర్‌స్కీ, కానెమన్ 'చిన్న సంఖ్యల నియమం'పై మనుషులకున్న నమ్మకాన్ని వివరించారు. దీర్ఘకాలంలో ఉండవలసిన సమతూకాన్ని మనం ప్రతి చిన్న ముక్కలోనూ ఆశిస్తామని వారి భావం. ఆ ఇద్దరే 1979 నాటి వ్యాసంలో ఇంకొకటి చెప్పారు: పోయిన సొమ్ముతో రాజీపడనివాడు మామూలుగానైతే ఒప్పుకోని పందేలకు కూడా ఒప్పుకుంటాడు. పోకర్ ఆటగాళ్లు దీన్ని 'టిల్ట్' అంటారు. ఈ పదం పిన్‌బాల్ యంత్రం నుంచి వచ్చింది. యంత్రాన్ని కోపంతో కుదిపితే అది ఆట ఆపేసి ఆ మాట చూపుతుంది.

లెక్క తెలిస్తే ఈ దురదృష్టాల్లో చాలావరకు మామూలు విషయాలే. నూటికి పదిహేను చేతులు మాత్రమే ఆడదగినవని పెట్టుకున్న ఆటగాడికి, ఏ క్షణం నుంచి లెక్కించినా, వరుసగా ఇరవై పనికిరాని చేతులు పడే అవకాశం నూటికి నాలుగు. పది గంటల కూర్చోవడంలో, అంటే సుమారు మూడు వందల పంపకాల్లో, ఇరవై లేదా అంతకు మించిన అటువంటి వరుస సగటున ఒకటిన్నరకు పైగా వస్తుంది. నలభై నిమిషాల శూన్యం ఆ రోజు కార్యక్రమంలో ఒక భాగం, శాపం కాదు. రెండు ఆసులు 221 పంపకాలకు ఒకసారి పడతాయి. మూడు వందల పంపకాల్లో అవి ఒక్కసారి కూడా పడకపోయే అవకాశం నాలుగింట ఒక వంతుకు పైమాటే. ఇంటికి వెళ్లి 'ఇవాళ ఆసులే చూడలేదు' అని వాపోయేవాడు అబద్ధమాడడం లేదు, అసాధారణమైనదేమీ చెప్పడమూ లేదు.

మన నలోపాఖ్యానం ఇక్కడ గుర్తుకు వస్తుంది. పుష్కరుడితో ఆడుతూ ఎవరు వారించినా ఆగలేకపోయిన నలుడు, ఋతుపర్ణుడి వద్ద అక్షహృదయం నేర్చాకే తిరిగి జూదానికి కూర్చుంటాడు. ఋతుపర్ణుడు ఆ విద్యను ప్రదర్శించింది తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ గణించడం ద్వారా. జూదం, గణన ఒకేచోట కలిసిన ఈ ఘట్టాన్ని సంభావ్యతా భావచరిత్ర రాసిన ఇయన్ హాకింగ్ కూడా ప్రస్తావించాడు. నలుడు గడిపిన అజ్ఞాతవాసాన్ని ఓపికగా కీర్తించడం కథకు సరిపోతుంది. జూదంలో అతణ్ణి గెలిపించింది మాత్రం గణన.

అయితే గణన ఒక్కటే చాలదన్నది ముఖాముఖి ఆటలోని విశేషం. ముక్కలకు జ్ఞాపకం లేదు గానీ బల్ల చుట్టూ ఉన్నవారికి ఉంది. ఇరవై చేతులు పడేసినవాడి ఇరవై ఒకటో పందెం వాళ్లకు భయం పుట్టిస్తుంది. ఆ పందేనికి చేతిలోని ముక్కల విలువను మించిన విలువ వస్తుంది. పైగా ఆడనివాడికి చూసే తీరిక ఉంటుంది. ఎవడు ఎప్పుడు తడబడ్డాడు, ఎవడు ఓడిన కోపంలో ఉన్నాడు, చివరికి ముక్కలు చూపినప్పుడు ఎవడి మాటకూ ముక్కకూ పొంతన కుదరలేదు అన్నవన్నీ ఈ ఖాళీ సమయంలోనే తెలుస్తాయి. బ్లైండ్ల రూపంలో చెల్లించిన సొమ్ముకు ప్రతిఫలమంటూ ఉంటే అది ఇదే. ముక్కలు పడడం లేదని ఫోనులో మునిగిపోయినవాడు సుంకం కడుతూ సరుకు తీసుకోనివాడు.

6. తెర మీద కనిపించని చేతులు:

1999లో బ్రిటన్‌లో 'లేట్ నైట్ పోకర్' కార్యక్రమం బల్ల అంచు కింద కెమెరాలు పెట్టి ఆటగాళ్ల రహస్య ముక్కలను ప్రేక్షకులకు చూపింది. 2003లో 'వరల్డ్ పోకర్ టూర్' ప్రసారాలు, అదే ఏడు ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వచ్చిన క్రిస్ మనీమేకర్ విజయం కలిసి ఆటను కొత్త తరానికి చేర్చాయి. 2006 నాటికి ప్రధాన పోటీలో 8,773 మంది పాల్గొన్నారు. కానీ గంటల ఆటను నిమిషాలకు కుదించినప్పుడు కత్తిరింపులో పోయేది పడేసిన చేతులే. తెర మీద ప్రతి చేతిలోనూ జతలు, ప్రతి నిమిషానికీ సర్వస్వం ఒడ్డడం. ఒక రకంగా ప్రేక్షకుడు మళ్లీ ఇరవై ముక్కల పేకను చూశాడు. ఆన్‌లైన్‌లో ఒకేసారి ఎన్నో బల్లల మీద ఆడేవారికి నిరీక్షణ దాదాపు లేకుండా పోయింది. ఆ అలవాటుతో క్యాసినో బల్ల ముందు కూర్చున్నవాడికి గంటకు ముప్పై పంపకాలు నరకంగా తోచడం సహజం.

7. న్యాయస్థానంలో పారవేసిన ముక్కలు:

ముక్కను వదలడం నైపుణ్యమా కాదా అన్న ప్రశ్న మన దేశంలో న్యాయస్థానాలకు ఎక్కింది తెలుగు నేల నుంచే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై హైదరాబాద్ జూద చట్టం కింద పెట్టిన కేసులో, 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ' పేరిట 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని కోర్టు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది పారవేయాలో తెలియడం అందులోని నైపుణ్యమని వివరించింది. మూడు ముక్కలాటను ఇందుకు భిన్నమైన, పూర్తిగా అదృష్టంపై ఆధారపడిన ఆటగా పేర్కొంది. ఉంచుకోవడంతో పాటు పారవేయడాన్నీ నైపుణ్యంలో భాగంగా ఒక అత్యున్నత న్యాయస్థానం గుర్తించడం పేకాట చరిత్రలో చిన్న విషయం కాదు. మన రమ్మీలో 'డ్రాప్' కూడా ఇదే కోవకు చెందింది. మొదట్లోనే తప్పుకుంటే ఇరవై, నడుమ తప్పుకుంటే నలభై, పూర్తిగా ఓడితే ఎనభై వరకు. ఆగడానికీ, ఆలస్యంగా ఆగడానికీ, ఆగకపోవడానికీ ముందే రాసిపెట్టిన ధరలివి.

పోకర్ విషయంలో ఏకాభిప్రాయం రాలేదు. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టం దాన్ని జూదం నిర్వచనం నుంచి మినహాయించింది. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని నైపుణ్యపు ఆటగా అంగీకరించలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చేసిన సవరణలు డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, నిషేధించాయి. 2025 కేంద్ర చట్టం అదే దారిలో దేశమంతటికీ వర్తించింది. అమెరికాలో 2012లో న్యాయమూర్తి జాక్ వైన్‌స్టీన్ పోకర్‌లో నైపుణ్యానిదే పైచేయి అని తీర్పు చెప్పగా, మరుసటి ఏడు పై కోర్టు చట్టంలోని పదాల అర్థం ఆధారంగా దాన్ని కొట్టివేసింది.

ఈ వివాదాల్లో సాక్ష్యం దగ్గరే చిక్కు ఉంది. పదికోట్లకు పైగా ఆన్‌లైన్ చేతులను పరిశీలించిన 2009 నాటి నివేదికలో నాలుగింట మూడు వంతుల చేతులు ముక్కలు చూపకుండానే ముగిసినట్టు తేలింది. ఆ సమాచారం ఇచ్చింది ఆట నడిపే సంస్థే కనుక దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి; అయినా సర్వర్‌లో కనీసం ఆ చేతుల నమోదు ఉంది. ముఖాముఖి బల్ల మీద అదీ లేదు. పడేసిన ముక్కలను చూపమని అడిగే హక్కు ఎవరికీ ఉండదు. పంచేవాడు వాటిని బోర్లించే తీసుకుని, తర్వాతి పంపకానికి కలిపేస్తాడు. ఆటగాళ్ల జ్ఞాపకాల్లో మిగిలేవి గెలిచిన చేతులూ, అన్యాయంగా ఓడామనుకున్న చేతులూ మాత్రమే. అందువల్ల నిరీక్షణ చరిత్ర రాసేవారికి చేతుల కథల కన్నా ఆరంభ పందేల పట్టికలు, కుర్చీ అద్దెలు, బ్లైండ్లు పెరిగే వ్యవధులు, క్లబ్బుల నియమావళులు ఎక్కువ నమ్మదగిన ఆధారాలు. తెలుగు ప్రాంతాల్లోని పాత రిక్రియేషన్ క్లబ్బుల పుస్తకాలను ఈ దృష్టితో వెదకవలసి ఉంది.